పాత కారు కొంటున్నారా? పత్తికి తేమ చూసినట్టే చూడండి!

అక్టోబరులో పత్తి, సంక్రాంతి వెళ్ళాక మిరప... ఎనుమాముల మార్కెట్ యార్డుకి సరుకు రావడం మొదలైందంటే వరంగల్ చుట్టుపక్కల ఇళ్ళల్లో అణగి ఉన్న కోరికలన్నీ ఒక్కొక్కటే పైకొస్తాయి. ఇదివరకైతే ఎడ్లజత, ఆ తర్వాత ట్రాక్టరు, బిడ్డ పెళ్ళి, ఇంటి స్లాబు. ఇప్పుడు వాటి సరసన ఇంకోటి చేరింది: కారు. అదీ చిన్న కారు కాదు, వెనక డిక్కీ ఉన్న పెద్ద కారు! హోండా సిటీ, వెర్నా, సియాజ్... ఇంకొంచెం ధైర్యం చేస్తే కరోలా, సివిక్, ఆక్టావియా. కొత్తది కొనలేం కాబట్టి సెకండ్ హ్యాండ్ చూద్దామంటారు మగవాళ్ళు. అడ్తి దుకాణంలో, సింగిల్ విండో ఆఫీసులో, బడిలో, ఆస్పత్రిలో ఉద్యోగం చేసే ఆడవాళ్ళు కూడా ఇవాళ అదే మాట అంటున్నారు.

తప్పేం లేదు. కొత్త కారు షోరూము గేటు దాటగానే విలువ తగ్గిపోతుంది. మొదటి నాలుగైదేళ్ళ తరుగుదల అంతా మొదటి యజమానే భరిస్తాడు. అందుకే చిన్న కొత్త కారు పెట్టే డబ్బుకే వాడిన పెద్ద కారు వస్తుంది. కూర్చోడానికి విశాలంగా ఉంటుంది. ముసలి అత్తగారి మోకాళ్ళకీ సుఖం, డిక్కీలో రెండు బియ్యం బస్తాలు కూడా పడతాయి.

కానీ బేరం కుదుర్చుకునే రోజున ఇంట్లో ఆడవాళ్ళు ఎక్కడుంటారు? వంటింట్లో! బండి ఇంటి ముందుకొచ్చాక కొబ్బరికాయ, నిమ్మకాయలు పట్టుకుని బయటికొస్తారు. మెళ్ళో గొలుసు బ్యాంకులో తాకట్టు పెట్టింది మాత్రం వాళ్ళే. కొనే ముందు నోరు విప్పకపోతే, కొన్నాక విప్పి లాభం లేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

62 క్వింటాళ్ళ పత్తి!

ముందు ధరని మన లెక్కలోకి మార్చుకుందాం. 2025-26 సీజనుకి పొడుగు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. 5 లక్షల కారంటే దాదాపు 62 క్వింటాళ్ళ పత్తి అన్నమాట. ఎకరానికి 8 క్వింటాళ్ళు పండిందనుకున్నా, ఎనిమిదెకరాల పంట మొత్తం ఆ నాలుగు చక్రాల కింద పెట్టినట్టు. విత్తనం, ఎరువు, మందులు, ఏరిన కూలి ఇంకా అందులోంచి తియ్యనే లేదు.

'అంతా ఒకేసారి ఎందుకు, ఫైనాన్సు ఉంది కదా' అంటారు. నిజమే. కానీ పాత కారుకిచ్చే అప్పు మీద వడ్డీ కొత్త కారు కన్నా ఎక్కువే ఉంటుంది. 14 శాతం వడ్డీకి 3 లక్షలు నాలుగేళ్ళకి తీసుకున్నారనుకోండి. నెలకి సుమారు 8,200 కట్టాలి. చివరికి కట్టేది 3 లక్షల 93 వేలు. అంటే వడ్డీయే 93 వేలు! ఉద్యోగస్తుల ఇంట్లో జీతం ఒకటో తారీకున వస్తుంది, వాయిదా ఐదున పోతుంది. రైతు ఇంట్లో? 'పైసలు నెలనెలా కట్టాలంటరు, పంట నెలనెలా వస్తదా?' అని ఇల్లాలు అడిగితే దానికి జవాబు చెప్పడం కష్టమే. పంట చేతికొచ్చినప్పుడు ఆరు నెలల వాయిదాల సొమ్ము పక్కన తీసి పెట్టగలిగితేనే అప్పు జోలికి వెళ్ళండి. లేకపోతే ఒక పంట ఆగి, డబ్బు కూడబెట్టి కొనడమే మేలు.

కొన్న ధర ఒక్కటే ఖర్చు కాదు. నెలకి వెయ్యి కిలోమీటర్లు తిరిగి, లీటరుకి 14 కిలోమీటర్లు వచ్చే పెట్రోలు కారైతే నెలకి 71 లీటర్లు. లీటరు 107 అనుకుంటే 7,600 రూపాయలు. పైగా ఇన్సూరెన్సు, సర్వీసు, టైర్లు, బ్యాటరీ. కాబట్టి చేతిలో 5 లక్షలుంటే 5 లక్షల బండి చూడకండి. నాలుగూ పాతిక లోపల చూసి, మిగతాది మొదటి ఏడాది మరమ్మతులకని అట్టే పెట్టుకోండి.

పేరు పెద్దదైతే మెకానిక్కూ దూరమే

బెంజ్, ఆడి లాంటి కార్లు ఏడెనిమిదేళ్ళు వాడాక నమ్మలేనంత చవగ్గా వస్తాయి. చవగ్గా ఎందుకొస్తున్నాయో ఆలోచించాలి. కారు పాతదైనా దాని సామాన్ల ధర పాతబడదు. 50 లక్షల కారు 10 లక్షలకి దొరుకుతుందేమో గానీ, దాని హెడ్‌లైటు మాత్రం 50 లక్షల కారు హెడ్‌లైటు ధరకే దొరుకుతుంది. దాన్ని బాగుచేసే మెకానిక్ కోసం దాదాపు 150 కిలోమీటర్లు, హైదరాబాద్ దాకా వెళ్ళాల్సి రావచ్చు.

కొన్ని మంచి కార్లు మన దేశంలో అమ్మకమే ఆగిపోయింది. గ్రేటర్ నోయిడా ఫ్యాక్టరీ మూసేస్తూ హోండా వాళ్ళు 2020 డిసెంబరులో సివిక్‌ని ఆపేశారు. టయోటా కరోలా ఆల్టిస్ కూడా 2020లోనే ఆగింది. స్కోడా ఆక్టావియా 2023లో, మారుతి సియాజ్ 2025లో వెళ్ళిపోయాయి. ఆగినంత మాత్రాన చెడ్డ బండ్లని కాదు. సియాజ్ సామాన్లు ఊరూరా దొరుకుతాయి. మిగతా వాటి విషయంలో మాత్రం బేరం చేసే ముందే మనకి దగ్గర్లో ఉన్న సర్వీసు సెంటరుకి ఫోను చేసి, ముందు బంపరు, క్లచ్ ప్లేటు, సస్పెన్షన్ సామాను దొరుకుతుందా, ఎంతవుతుంది అని అడగండి. పది నిమిషాల పని.

ఇంకోటి. డిక్కీ కార్లు నేలకి దగ్గరగా ఉంటాయి. మన ఊళ్ళల్లో స్పీడు బ్రేకర్లు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు! ట్రయల్‌కి ఒక్కరే వెళ్ళకుండా ఇంటిల్లిపాదీ ఐదుగురూ ఎక్కి, మీ వీధిలో ఉన్న అన్నిటికన్నా ఎత్తు స్పీడు బ్రేకరు మీంచి పోనివ్వండి. కింద గీసుకున్న చప్పుడైతే ఆ బండి మీ ఊరికి పనికిరాదు.

చూడ్డానికి ఇంజనీరే కానక్కర్లేదు

యార్డులో మన పత్తి బస్తా దిగగానే ఏం చేస్తారు? చెయ్యి లోపలికి పెట్టి అడుగు పత్తి తీసి చూస్తారు. తేమ మిషను పెడతారు. 8 శాతం లోపుంటేనే పూర్తి మద్దతు ధర, దాటితే కోత, 12 దాటితే కొననే కొనరు. మన సరుకుని అంత నిక్కచ్చిగా చూస్తున్నప్పుడు, మనం కొనే సరుకుని పైపై మెరుపు చూసి తీసుకుంటామా? ఇవిగో, చీర కుచ్చిళ్ళు నలక్కుండా చూడగలిగే పరీక్షలు.

పొద్దున్నే వెళ్ళండి. 'బండి వేడి చేసి ఉంచొద్దు' అని ముందే చెప్పండి. చల్లటి ఇంజను స్టార్టు చేసినప్పుడే రోగం బయటపడుతుంది. సైలెన్సరులోంచి నీలం పొగ వస్తే ఇంజను ఆయిలు తాగుతున్నట్టు. నల్లటి పొగైతే ఇంధనం సరిగ్గా మండడం లేదు. చలికాలం పొద్దున కాస్త తెల్లటి ఆవిరి మామూలే. ఇంజను వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే లోపలికి కూలెంటు నీళ్ళు చేరుతున్నాయేమోనని అనుమానించాలి.

ఆయిలు మూత తీయించండి. దాని లోపలి వైపు మీగడలా, తెల్లగా జిడ్డు పేరుకుందంటే ఆయిల్లో నీళ్ళు కలిశాయేమో చూపించుకోవాలి.

టైరు పుట్టినరోజు చదవండి. టైరు పక్కన నాలుగంకెలు అచ్చేసి ఉంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. బండి 2021ది, టైరు 2018ది అయితే ఎక్కడో ఏదో మారింది. 'బండి 25 వేల కిలోమీటర్లే తిరిగింది' అంటూ టైర్లు నాలుగూ కొత్తవి చూపిస్తే, ఎందుకు మార్చారని అడగండి.

మీటరు మాట నమ్మకండి. డిజిటల్ మీటరు కూడా వెనక్కి తిప్పుతారు. నమ్మాల్సింది సర్వీసు రికార్డుని. కంపెనీ సర్వీసు సెంటరులో ఏ తారీకున ఎన్ని కిలోమీటర్ల దగ్గర సర్వీసు అయిందో ఉంటుంది. కాగితం లేకపోతే బండిని చూడండి. క్లచ్, బ్రేకు పెడల్స్ మీద రబ్బరు అరిగి నున్నబడిందా? స్టీరింగు చర్మం మెరుస్తోందా? డ్రైవరు సీటు అంచు కుంగిందా? 30 వేల కిలోమీటర్ల బండికి లక్ష కిలోమీటర్ల పెడల్స్ ఉండవు కదా!

అద్దాలు, రంగు, బోల్టులు చూడండి. అన్ని అద్దాల మీదా ఒకే కంపెనీ గుర్తు, దగ్గర దగ్గర సంవత్సరం ఉండాలి. ఒకటి వేరేగా ఉంటే ఆ వైపు దెబ్బ తగిలి ఉండొచ్చు. బానెట్టు, తలుపులు బిగించిన బోల్టుల మీద రంగు చెదిరిందంటే వాటిని విప్పి బిగించారన్నమాట. నీడలో కాదు, ఎండలో నిలబెట్టి పక్క నుంచి చూస్తే పుట్టీ పెట్టి రంగేసిన చోటు అలలా కనిపిస్తుంది.

ఇవన్నీ చూశాక కూడా, మీకు తెలిసిన మెకానిక్‌ని తీసుకెళ్ళి లిఫ్టు మీద పెట్టించండి. అమ్మేవాళ్ళు చూపించే మెకానిక్ కాదు, మీ మెకానిక్. ఆటోమేటిక్ గేరు బండి అయితే ఇది తప్పనిసరి. గేరు బాక్సు పోతే ఆ ఖర్చు మోయడం కష్టం. ట్రయల్‌లో నెమ్మదిగా ట్రాఫిక్‌లో పోతున్నప్పుడు గేరు మారితే కుదుపు ఉందా అని చూడండి.

నీళ్ళల్లో మునిగిన బండి

ఈ మాట వరంగల్ వాళ్ళకి విడిగా చెప్పాలి. 2023 జులై చివర్లో కురిసిన వానకి వరంగల్, హన్మకొండ కాలనీలు ఎలా మునిగాయో మనం మర్చిపోలేదు. 2024 సెప్టెంబరులో విజయవాడని బుడమేరు ముంచింది. 2025 అక్టోబరులో మొంథా తుపాను వానకి మన నగరం మళ్ళీ నీళ్ళల్లో నిలబడింది. అంతకు ముందు 2020 అక్టోబరులో హైదరాబాద్, 2015 డిసెంబరులో చెన్నై. మునిగిన బండ్లన్నీ తుక్కుకి పోలేదు. కొన్నిటిని కడిగి, ఎండబెట్టి, సెంటు కొట్టి అమ్మకానికి పెడతారు. బురద పోతుంది గానీ వైర్లలోకి చేరిన తడి ఎక్కడికి పోతుంది? ఏడాది తర్వాత ఒక వానాకాలం రాత్రి లైట్లు ఆరిపోతాయి. లేదా ఎయిర్‌బ్యాగు పనిచెయ్యాల్సిన క్షణాన పనిచెయ్యదు.

ఎలా పట్టుకోవాలి? సీటు బెల్టుని చివరి దాకా పూర్తిగా లాగండి. లోపలి భాగంలో మట్టి గీత ఉంటే దొరికిపోయినట్టే. డిక్కీలో స్టెప్నీ కింద, సీట్ల కింద పట్టాల దగ్గర తుప్పు, ఒండ్రు చూడండి. కార్పెట్ ఒక మూల ఎత్తి వాసన చూడండి. తడిసి ఆరిన వాసన ఎలా ఉంటుందో బట్టలుతికే మనకి ఒకరు చెప్పాలా? అమ్మేవాళ్ళని అడిగి ఇన్సూరెన్సు కంపెనీ నుంచి పాత క్లెయిముల వివరం కూడా తెప్పించుకోండి. ఇవ్వడానికి వెనకాడితే మనమూ వెనక్కి తగ్గడమే మంచిది.

ఎయిర్‌బ్యాగు అనుకున్నాం కాబట్టి ఇంకో సంగతి. జపాను కంపెనీ తకాటా తయారుచేసిన ఎయిర్‌బ్యాగుల్లో కొన్ని, వేడికీ తేమకీ ఏళ్ళు గడిచేకొద్దీ పాడై, తెరుచుకునేటప్పుడు ఇనుప ముక్కలు విసిరాయి. ప్రపంచమంతటా కోట్లాది కార్లని వెనక్కి పిలిచి మార్చాల్సి వచ్చింది. 2017లో ఆ కంపెనీ దివాలా తీసింది. మన దేశంలో పాత హోండా సిటీ, సివిక్, అకార్డ్, టయోటా కరోలా కార్లు కొన్ని అందులో ఉన్నాయి. చాసిస్ నంబరు చెబితే, ఆ బండికి ఎయిర్‌బ్యాగు మార్చారో లేదో కంపెనీ వాళ్ళు చెప్తారు. మార్చకపోతే ఉచితంగా మారుస్తారేమో అడగండి. బండి చేతులు మారినప్పుడు పాత యజమాని అడ్రసుకి వచ్చిన ఉత్తరం కొత్త వాళ్ళకి అందదు. అడగడం మన బాధ్యతే.

తక్‌పట్టీ లేకుండా సరుకిస్తామా?

యార్డులో కాంటా అయ్యాక తక్‌పట్టీ చేతికి రాకపోతే ఊరుకుంటామా? బండికి తక్‌పట్టీ లాంటిది ఆర్.సి. దాని మీద మన పేరు ఎక్కేదాకా బండి మనది కాదు.

చాలామంది చేసే పనేమిటంటే, పాత యజమాని సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలు తీసుకుని, 'తర్వాత మార్పించుకుందాం' అని బీరువాలో పెడతారు. వీటిని ఓపెన్ ఫారాలంటారు. అమ్మినవాళ్ళకీ, కొన్నవాళ్ళకీ ఇద్దరికీ ఇది ముప్పే. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో అమ్మినవాళ్ళు ఆర్.టి.ఓ.కి తెలియజేయాలి. కొన్నవాళ్ళు 30 రోజుల్లో. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. బండి ఎన్ని చేతులు మారినా సరే, రికార్డులో ఎవరి పేరుంటే ప్రమాదం జరిగినప్పుడు పరిహారం బాధ్యత వాళ్ళదే అని. అంటే మీరు అమ్మేసిన బండి ఎవరో గుద్దితే నోటీసు మీ ఇంటికొస్తుంది!

ఫారాల సంగతి గుర్తుంచుకోండి. 29 అమ్మకం తెలియజేసే ఫారం. 30 పేరు మార్పు దరఖాస్తు. బండి మీద అప్పుంటే అది తీరినట్టు 35. వేరే రాష్ట్రం నుంచి వస్తే అక్కడి ఆర్.టి.ఓ. ఇచ్చే ఎన్.ఓ.సి. కోసం 28. ఆర్.సి. మీద బ్యాంకు పేరుంటే, ఆ అప్పు తీరిన ఉత్తరం కళ్ళారా చూడకుండా ఒక్క రూపాయి అడ్వాన్సు కూడా ఇవ్వకండి.

ఇన్సూరెన్సు కూడా 14 రోజుల్లో మీ పేరుకి మార్పించాలి. లేకపోతే మీ బండికి జరిగిన నష్టానికి కంపెనీ డబ్బివ్వనంటుంది. 'నో క్లెయిమ్ బోనస్ 50 శాతం ఉంది' అని అమ్మేవాళ్ళు ఊరిస్తే పడిపోకండి. ఆ బోనస్ మనిషిది, బండిది కాదు. అది వాళ్ళతోనే పోతుంది.

నంబరు ప్లేటు కూడా కొంత కథ చెప్తుంది. మన దగ్గర ఏపీ 36 అంటే 2014 జూన్‌కి ముందు రిజిస్టరైన బండి. టీఎస్ 03 అంటే ఆ తర్వాతది. 2024 మార్చి నుంచి టీజీ వచ్చింది. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళకే. ఆ తర్వాత పరీక్ష చేయించి మళ్ళీ ఐదేళ్ళకి పొడిగించుకోవాలి. ఆ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలైంది. కాబట్టి ఏపీ 36 బండి చవగ్గా వస్తోందంటే, దానికి ఇంకెన్నేళ్ళు మిగిలాయో మొదట లెక్క చూడండి.

ఢిల్లీ బండ్ల మోజు కూడా ఉంది. ఢిల్లీ ప్రాంతంలో 10 ఏళ్ళు దాటిన డీజిల్, 15 ఏళ్ళు దాటిన పెట్రోలు కార్లు తిరగకూడదని 2018లో సుప్రీంకోర్టు చెప్పడంతో అక్కడ పాత పెద్ద కార్ల ధర పడిపోయింది. 2025లో కొంత సడలింపు వచ్చినా ఆ బండ్లు దక్షిణాదికి వస్తూనే ఉన్నాయి. ధరలో తక్కువ కనిపించిన డబ్బు ఇక్కడ లైఫ్ టాక్స్ కట్టి, నంబరు మార్పించుకునేసరికి కరిగిపోతుంది. పెండింగు చలాన్లు కూడా నంబరు కొట్టి చూసుకోండి.

డీలరు దగ్గరా, ఇంటి దగ్గరా?

డీలరు దగ్గర కొంటే కొంత హామీ ఉంటుంది, ధర ఎక్కువ. పాత బండ్ల డీలర్లు ఆర్.టి.ఓ. దగ్గర అనుమతి పత్రం తీసుకోవాలని, తమ దగ్గరికొచ్చిన ప్రతి బండి సంగతీ తెలియజేయాలని కేంద్రం 2022 డిసెంబరులో నిబంధనలు తెచ్చింది. అవి 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చాయి. ఆ పత్రం చూపించమని అడగండి. రిజిస్టరైన డీలరు తన లాభం మీద 18 శాతం జి.ఎస్.టి. కట్టాలి. ఒక ఇంటివాళ్ళు ఇంకో ఇంటివాళ్ళకి అమ్ముకుంటే ఆ పన్ను లేదు.

ఫోనులో కనిపించే ధర మన మిర్చి జెండా పాట లాంటిది. జెండా పాట ధర ఒకటి, మన బస్తాకొచ్చే ధర ఒకటి కదా! ఇక్కడ మాత్రం మనం కొనేవాళ్ళం. అదే మోడలు, అదే సంవత్సరం బండ్లు ఐదారింటి ధరలు కాగితం మీద రాసుకుని వెళ్ళండి. మెకానిక్ చెప్పిన లోపాలు పక్కనే రాయండి. 'అన్నా, టైర్లు మార్చాలె, క్లచ్ పోయిందట. గీ లెక్క తీసేసి చెప్పు' అంటే బేరం దానంతటదే దిగుతుంది.

అమ్మాల్సి వస్తే

భర్త పోయాక ఆయన పేరు మీదున్న కారు వాకిట్లో దుమ్ము పట్టి ఉంటుంది. బంధువు ఎవరో వచ్చి 'వదినా, ఇక్కడ సంతకం పెట్టు, నేను అమ్మి పెడతా' అంటాడు. ఆగండి. బండి ముందు మీ పేరుకి మారాలి. యజమాని చనిపోయిన 30 రోజుల్లో ఆర్.టి.ఓ.కి తెలియజేసి, మూడు నెలల్లోగా 31వ నంబరు ఫారంతో పేరు మార్పుకి దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ తర్వాతే అమ్మకం, అదీ మీకు నచ్చిన ధరకి. 2021లో వచ్చిన మార్పుతో ఇప్పుడు ఆర్.సి.లో నామినీ పేరు రాయించుకునే వీలుంది. ఇంట్లో బండి ఉంటే ఈ వారమే ఆ పని చేయించండి. ఆ మాట ఎత్తడం అశుభమేమీ కాదు, జాగ్రత్త.

ఇక చివరి మాట. కారు ఎవరి పేరు మీద కొంటున్నారు? గొలుసు మీది, పంటలో సగం కష్టం మీది. ఆర్.సి. మీద మీ పేరు ఎందుకుండకూడదు? అడగండి. ట్రయల్‌కి వెళ్ళినప్పుడు వెనక సీట్లో కాదు, డ్రైవింగు సీట్లో కూర్చోండి. కాళ్ళు అందుతున్నాయా, ముందు రోడ్డు కనిపిస్తోందా చూసుకోండి. లైసెన్సు లేకపోతే బండి కొనేలోపే లెర్నింగు లైసెన్సు తీసుకోండి. అర్ధరాత్రి పిల్లాడికి జ్వరమొస్తే, ఇంట్లో మగవాళ్ళు యార్డులో బస్తాల దగ్గర కాపలా పడుకుని ఉంటే, వాకిట్లో ఉన్న బండి నడపగలిగిన వాళ్ళకే అక్కరకొస్తుంది.